విద్యుత్ సామగ్రి – పన్ను లెక్క



హైదరాబాదులో కోఠికి చేరువనున్న ట్రూప్ బజారులో గాని, మన పట్టణములలో ఏ వ్యాపారపు వీధిలో గాని, ఒక ఎలక్ట్రికల్ దుకాణము మెట్లెక్కి చూచినవారికి, అచ్చట అట్టపెట్టెలలోను, కొక్కెములకు వ్రేలాడుచును, గాజు అరల వెనుకను ఎన్ని వందల రకముల సరకు ఇమిడియున్నదో ఒక్క చూపున అంతుచిక్కదు. హోల్డరు, స్విచ్చి, సాకెట్టు, సీలింగు రోజు, ఫ్యూజు, మెయిన్ స్విచ్చి, తీగచుట్టలు, ప్లాస్టిక్ గొట్టములు, బల్బులు, పంకాలు, గీజర్లు, ఇన్వర్టర్లు, బావి మోటార్లు, వాటి స్టార్టర్లు – కొనవచ్చినవానికి ఇదంతయు ఒక్కటే జాతి. దానిని అతడు 'కరెంటు సామాను' అనును. అమ్మువాడు సైతము చిరకాలము అట్లే అనుకొని సుఖముగా కాలము గడపినాడు. కాని పన్ను చట్టమునకు అట్టి విశాలదృష్టి లేదు. అది ప్రతి వస్తువును విడివిడిగా నిలువబెట్టి, నీ పేరేమి, నీ కులమేమి, నీ పనియేమి అని ప్రశ్నించి, ఆ ప్రత్యుత్తరమును బట్టి పన్ను విధించును. ఆ ప్రశ్నకు వస్తువు పక్షమున సమాధానము చెప్పవలసిన భారము మాత్రము బల్ల వెనుక కూర్చుండి బిల్లు వ్రాయు వర్తకునిపై పడినది.

ఈ వర్గీకరణమను చిక్కు అమ్మకపు పన్నుతోపాటు పుట్టినది కాదు. 1937లో చెన్నరాజధానిలో అధికారమునకు వచ్చిన రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించుటతో అబ్కారీ రాబడికి గండి పడగా, ఆ లోటును పూడ్చుకొనుటకై 1939లో సాధారణ అమ్మకపు పన్ను శాసనమును తెచ్చినది. వర్తకుని మొత్తము వ్యాపారముపై, సరకు చేతులు మారిన ప్రతి పర్యాయమును, స్వల్పమైన శాతము వసూలు చేయుట ఆ పద్ధతి. అన్నిటికిని ఒకే పన్నయినచో ఇది బల్బా, బెల్లమా అని విచారింపవలసిన అగత్యమేమి? అటుపిమ్మట, కొన్ని వస్తువులు విలాసములనియు, కొన్ని అవసరములనియు, కొన్నిటిపై మొదటి అమ్మకమునందే హెచ్చు పన్ను వేసి తరువాతి అమ్మకములను విడిచిపెట్టవలెననియు ప్రభుత్వములకు తోచినప్పుడు, పట్టికలు పుట్టినవి. పట్టికలతోపాటు తగవులును పుట్టినవి. ఆంధ్ర ప్రాంతమున 1939 నాటి చెన్నపురి శాసనమును, తెలంగాణమున 1950 నాటి హైదరాబాదు శాసనమును అమలులోనుండగా, ఆ రెండింటి స్థానమున ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను శాసనము 1957లో వచ్చినది. సరకులను వివిధ పట్టికలలో సర్దిన ఆ శాసనముతో అర్ధశతాబ్దికి కొంచెము తక్కువగా మన వర్తకులు కాపురము చేసినారు.

ఆ కాలమున దక్షిణదేశపు పట్టికలలో విద్యుత్ సామగ్రికి ఒసగిన లక్షణము ఇంచుమించుగా ఇట్లుండెడిది: ఏ వస్తువును విద్యుచ్ఛక్తి లేనిదే ఉపయోగింపజాలమో అది విద్యుత్ సామగ్రి, దానితోపాటు పంకాలు, బల్బులు, విద్యుత్పరికరములలో వాడు పింగాణి వస్తువులు, వాటి ఉపాంగములును. చూచుటకు నిర్దుష్టమైన లక్షణమే. కాని దుకాణములో కాలు పెట్టగానే దీనికి అతివ్యాప్తి, అవ్యాప్తి యను దోషములు రెండును పట్టుకొనుచున్నవి. కుట్టుమిషనుకు చిన్న మోటారు బిగించినచో అది విద్యుత్ సామగ్రియగునా? మోటారు తీసివేసి కాలితో త్రొక్కినను అది కుట్టును గదా! పిండిమర మాటయేమి? డీజిల్ ఇంజనుతోను తిరుగును, కరెంటుతోను తిరుగును. ఇక టార్చిలైటు! అది వెలుగునది నిస్సందేహముగా విద్యుత్తు వలననే. ఐనను, ఊరిలో కరెంటు లేనందుననే దానిని కొనుచుండిన రైతును పిలిచి, నీవు విద్యుత్ సామగ్రి కొంటివని చెప్పినచో ఆశ్చర్యపడి యుండును.

ఇట్టి సందేహములకు న్యాయస్థానములు చూపిన మార్గము, నా మనవి, మిక్కిలి సమంజసమైనది. అకోలాలోని ఒక తమలపాకుల వర్తకుడు తన సరకు కూరగాయల కోవకు చెందునని, కనుక పన్ను మినహాయింపు కలదని వాదింపగా, ఆ వివాదము సుప్రీంకోర్టు దాక పోయినది. వృక్షశాస్త్రము నడిగినచో తమలపాకు ఒక లత యొక్క ఆకు. నిఘంటువు నడిగినచో కాయగూర యను మాటకు ఎంత విరివియైన అర్థమైనను దొరకవచ్చును. కాని 1961లో న్యాయమూర్తులు శాస్త్రమును, నిఘంటువును ప్రక్కకు పెట్టి, సంతకు పోవు సామాన్యుడు ఏమనుకొనును అని ప్రశ్నించి, తమలపాకు కూరగాయ కాదని తీర్పు చెప్పినారు. కూరలు తెమ్మని పంపిన బాలుడు తమలపాకుల కట్టతో తిరిగివచ్చినచో మన ఇండ్లలో ఏమి జరుగునో ఊహించుకొన్నవారికి ఈ తీర్పులోని వివేకము సులభముగా బోధపడును. శాసనము ఒక మాటకు తానే ప్రత్యేకమైన అర్థమును నిర్వచింపనంత వరకు, ఆ సరకును అమ్ముకొనువారును కొనువారును వ్యవహరించు అర్థమే ప్రమాణము. ఎలక్ట్రికల్ దుకాణదారునికి ఇంతకంటె అభయ మేమి కావలెను? బల్లకు ఇవతలను అవతలను నిత్యము నడచు భాషయే అతనికి సాక్షి.

ఐనను ఈ సాక్ష్యమును తమకనుకూలముగా మలచుకొనుటకు వర్తకులు యత్నింపకపోలేదు. 2005 ఏప్రిల్ 1వ తేదీన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, వచ్చినప్పుడు ప్రధానముగా నాలుగు శాతము, పన్నెండున్నర శాతము అను రెండు మెట్లుండెను. ఈ రెండింటి నడుమ ఎనిమిదిన్నర శాతపు అగాధముండుటచే, అనేక రాష్ట్రములలో పరిశ్రమలకు వాడు కేబులు క్రింది మెట్టుననుండగా, ఇంటి గోడలలో పరచు తీగకును ఆ మెట్టుపై చోటు దొరకునా అని ఆలోచింపని వ్యాపారి అరుదు. పంజాబులో సెల్‌ఫోనులకు నాలుగు శాతము, పట్టికలో పేరులేని వస్తువులకు పన్నెండున్నర శాతము ఉండెను. ఫోనుతో పాటు ఒకే పెట్టెలో వచ్చు చార్జరు ఫోనులో భాగమా, లేక వేరు వస్తువా అను ప్రశ్న లేచినది. కొనువాడు చార్జరుకని వేరుగా రూక చెల్లింపడు. పెట్టె ఒకటి, వెల యొకటి. కాని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు, చార్జరు ఫోనుకు ఉపాంగమే గాని ఫోనులో అంతర్భాగము కాదనియు, ఒక్క పెట్టెలో పెట్టినంత మాత్రమున చార్జరునకు ఫోను రేటు పట్టదనియు నిర్ణయించి, దాని విలువపై పన్నెండున్నర శాతము సమర్థించినది. ఈ తీర్పు మిక్కిలి కఠినమని వగచినవారు కలరు. నాకు మాత్రము ఇందు ఒక న్యాయము కనబడుచున్నది: అట్టపెట్టె వస్తువు స్వభావమును మార్చజాలదు.

2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చుటతో వ్యవహారము కొత్త మలుపు తిరిగినది. ఇప్పుడు సరకు నామము మాత్రమే చాలదు; దానికొక అంకెల సంకేతము కావలెను. హెచ్.ఎస్.ఎన్. అని వర్తకులందరు పలుకుచున్న ఈ సంకేతావళి బ్రస్సెల్సులోని ప్రపంచ కస్టమ్సు సంస్థ రూపొందించినది. 1988 నుండి దేశదేశముల ఓడరేవులలో ఎగుమతి దిగుమతుల లెక్కకు వాడుకలోనున్నది. సముద్రముపై పోవు సరకునకై ఏర్పడిన ఈ పద్ధతి ఇప్పుడు మన చిన్న పట్టణపు దుకాణములోని ఐదు రూపాయల హోల్డరును గూడ పేరు పెట్టి పిలుచుచున్నది. ఇందు విద్యుత్ సామగ్రికి 85వ అధ్యాయము ముఖ్యము. వేయి వోల్టుల లోపు స్విచ్చులు, సాకెట్లు, ఫ్యూజులు 8536, ఇన్సులేషను గల తీగలు 8544, బల్బులు 8539, ఇన్వర్టర్లు 8504, గీజరు, ఇస్త్రీపెట్టె 8516. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఎలక్ట్రికల్ దుకాణమునకు ఆభరణమువంటి సీలింగు ఫ్యాను 85లో లేదు. అది గాలిని కదలించు యంత్రము గనుక 84వ అధ్యాయమున, 8414 క్రింద, కంప్రెసర్లతోను గాలిపంపులతోను కలసి కూర్చున్నది. నీటి మోటారు పంపుగా అమ్ముడుపోయినచో 8413; పంపు లేని వట్టి మోటారైనచో 8501. దీపపు గుబ్బ, దాని పట్టు, గోడకు తగిలించు అలంకారము అన్నియు కలసిన విద్యుద్దీపము 94వ అధ్యాయమునకు పోయి, కుర్చీలు మంచములతో సహవాసము చేయుచున్నది. తీగలు దూర్చు ప్లాస్టిక్ గొట్టము, నీళ్ళగొట్టముతోపాటు 39వ అధ్యాయమున 3917. ఇన్సులేషను లేని వట్టి రాగి తీగ రాగి లోహముతో 7408. కరెంటు పనికి వాడుదురను ఒక్క కారణముచే వస్తువు విద్యుత్ సామగ్రి కాదను సూత్రము ఇందు అంతర్లీనముగా కలదు. ఎర్తింగు గుంతలో ఉప్పు పోయుదుము గదా యని ఉప్పును విద్యుత్ సామగ్రి యనువారు లేరు. ఉప్పుపై పన్నే లేదు.

ప్రసంగవశమున ఒక మాట. ఈ పరికరములన్నిటిపై పన్నున్నను, వాటిని నడపించు విద్యుచ్ఛక్తిపై వస్తుసేవల పన్ను లేదు. కిరసనాయిలు లాంతరు ఐదు శాతపు మెట్టున నిలిచియుండగా, దానిని తరిమివేసిన బల్బు పదునెనిమిది శాతము మోయుచున్నది.

సరకును గాక రేటును చూచి పేరు పెట్టినచో ఎట్టి ఆపద వాటిల్లునో బోధపడుటకు మన వంటయింటిలోని గ్రైండరు కథకంటె చక్కని నిదర్శనము దొరకదు. వస్తుసేవల పన్ను మొదలిడిన నాడు పిండి రుబ్బు గ్రైండరునకును, పచ్చళ్ళు నూరు మిక్సీకిని ఒకే గతి – 28 శాతము. 2017 నవంబరు 15 నుండి రాతితో రుబ్బు వెట్ గ్రైండరును మాత్రము 12 శాతమునకు దించినారు. కోయంబత్తూరు వంటి చోట్ల దానిని తయారుచేయు చిన్న పరిశ్రమలకును, ఇడ్లీ దోసెలు నిత్యాహారముగా గల దాక్షిణాత్యుల కుటుంబములకును అది ఉపశమనము. 2018 జూలై చివర మిక్సీ 18కి దిగినది. 2019 అక్టోబరు 1 నుండి గ్రైండరు 5కు దిగినది. 2022 జూలై 18న అదే గ్రైండరు ఒక్క గంతున 18కి ఎక్కినది. అనగా ఇంచుమించు మూడేండ్ల కాలము, ఒకే అరలో ప్రక్కప్రక్కన కూర్చున్న రెండు యంత్రములలో ఒకదానిపై 5, మరియొకదానిపై 18 శాతము పన్ను. అయిదువేల రూపాయల సరకుపై ఒకచో 250 రూపాయలు, వేరొకచో 900. మిక్సీని అంగడిలో 'మిక్సర్ గ్రైండరు' అనుట వాడుక. బిల్లులో ముందరి మాటను జారవిడిచి 'గ్రైండరు' అని వ్రాసినంత మాత్రమున 650 రూపాయల భేదము! కాని పట్టికలోని పంక్తి గ్రైండరు అని ఊరుకొనలేదు. రాతితో రుబ్బునది అని విశేషించి చెప్పినది. మిక్సీలో రాయి యేది? ఉక్కు బ్లేడుతో నూరు యంత్రమునకు రాతి హక్కు రాదు. విశేషణమును చదువక విశేష్యమును మాత్రము పట్టుకొనుట ఈ వృత్తిలో తరచుగా కనబడు లోపము.

2025 సెప్టెంబరు 22 నుండి 12, 28 శాతముల మెట్లు తొలగి, 5, 18 శాతములు ముఖ్యములుగా నిలిచినవి. 40 శాతపు మెట్టు మన దుకాణమునకు సంబంధింపదు. ఎయిర్ కండిషనరును, పెద్ద టెలివిజనును 28 నుండి 18కి దిగివచ్చినవి. ఈనాడు ఎలక్ట్రికల్ దుకాణములోని సరకులలో అత్యధిక భాగము 18 శాతమున ఉన్నవి. అందుచే, 'అన్నిటికిని ఒకే రేటైనప్పుడు ఈ సంకేతముల పట్టింపు ఎందులకు? ఏదో యొక అంకె వేసి బిల్లు చింపి ఇచ్చెదము' అని పలువురు వర్తకులు అనుచున్నారు. 1939 నాటి సుఖము తిరిగివచ్చినదని వారి భావము. ఇది సరికాదని నేను స్పష్టముగా చెప్పదలచినాను.

మొదట, అన్నిటికిని ఒకే రేటన్నది నిజము కాదు. సౌరఫలకములు, సౌరశక్తితో పనిచేయు పరికరములు, సూర్యుని వేడిమిచే నీరు కాచు యంత్రము, విద్యుద్వాహనముల చార్జరు – ఇవి 5 శాతమున ఉన్నవి. కరెంటు గీజరును, సౌర గీజరును ఒకే దుకాణములో అమ్ముటలో వింత లేదు. రెంటిని 'వాటర్ హీటరు' అని వ్రాసి ఒకే సంకేతము వేసినవాడు ఏదో ఒక వైపు తప్పక నష్టపడును. ఇంటి పైకప్పుపై సౌరవ్యవస్థను సాంగముగా నెలకొల్పి ఇచ్చినప్పుడు మొత్తము వెలలో నూటికి 70 వంతులు సరకనియు, 30 వంతులు సేవ యనియు భావించి వేర్వేరు రేట్లు కట్టవలెనను నియమమును కలదు. ఇట్టిచో లెక్క తెలియనివాడు పన్ను కట్టలేడు, బేరమును చేయలేడు.

ఇక రేటు ఒకటే యైనను పేరు తప్పుట తప్పే. ఏటా ఐదు కోట్ల రూపాయల వరకు వ్యాపారము గలవారు నమోదైన వర్తకునికి వ్రాయు బిల్లుపై నాలుగంకెల సంకేతమును, అంతకు మించినవారు ఆరంకెల సంకేతమును చూపవలెను. ఆ బిల్లు కొన్నవాని చేతిలో వట్టి కాగితము కాదు. అతడు కట్టిన పన్నును తన లెక్కలో తిరిగి జమ చేసికొనుటకు అదియే ఆధారము. నెలనెల రిటర్ను వేయువారు తమ అమ్మకముల వివరమును మరుసటి నెల 11వ తేదీలోగా ఒక పత్రమున సమర్పించి, 20వ తేదీలోగా వేరొక పత్రముతో పన్ను చెల్లింపవలెను. మొదటి పత్రమున పండ్రెండవ పట్టిక సంకేతముల వారీ లెక్క. అందు పన్ను మొత్తమే కాదు, ఎన్ని వస్తువులు, ఎన్ని మీటర్లు అను పరిమాణమును చూపవలెను. 2025 మే నెల లెక్కనుండి ఆ పట్టికలో వర్తకులకు అమ్మినది వేరుగను, వాడుకదారులకు అమ్మినది వేరుగను చూపవలసియున్నది. సంకేతమును స్వహస్తముతో వ్రాయు వీలు పోయి, ఇచ్చిన జాబితా నుండియే ఎన్నుకొనవలసి వచ్చినది. కావున బిల్లు సమయమున ఏదో అంకె వేసి, నెలాఖరున గుమాస్తా సర్దుకొనునని తలచువారికి ఆ సర్దుబాటు నానాటికి దుర్ఘటమగుచున్నది.

ఆచరణలో దీనికి ఉపాయమేమి? సరకును అమ్మునాడు గాక, సరకు దుకాణమునకు వచ్చిననాడే దానికి వర్గము నిర్ణయించుట. పెట్టె విప్పిననాడు దాని రాతయు, కొలతయు, వోల్టేజియు కన్నులయెదుట ఉండును. కొనువాడు తొందరపెట్టు సాయంకాలపు రద్దీలో ఇవేవియు స్ఫురింపవు. సరఫరాదారుని బిల్లుపై నున్న సంకేతమును సాక్షిగా గ్రహింపవలెను గాని న్యాయమూర్తిగా ఎంచరాదు. అతడును మనవంటివాడే, పొరపడవచ్చును. 90 మీటర్ల తీగచుట్టను చుట్టగా కొని, మీటర్ల లెక్కన కోసి అమ్ము దుకాణములు కోకొల్లలు. వచ్చినది చుట్టలలోను, పోయినది మీటర్లలోను వ్రాసినచో సంవత్సరాంతమున సరకు నిలువ ఎన్నటికిని సరిపడదు. కనుక మొదటినుండియు మీటర్లలోనే వ్రాసికొనుట మేలు. ఇన్వర్టరును బ్యాటరీని కలిపి ఒకే వెలకు అమ్మునప్పుడు, అవి విడివిడిగా అమ్ముడుపోవు వస్తువులేనా అని ఆలోచింపవలెను. 2018లో పశ్చిమ వంగ రాష్ట్రమున, వర్తకుల సందేహములకు ముందుగనే నిర్ణయము చెప్పు అడ్వాన్సు రూలింగు అధికారులు యు.పి.ఎస్., బ్యాటరీల జతను మిశ్రమ సరఫరాగా ఎంచినారు. మిశ్రమ సరఫరాకు జతలో ఏది హెచ్చు రేటో అదియే మొత్తమునకు పట్టును.

కొందరు జాగరూకులు, సందేహము కలిగినచోట హెచ్చు రేటు వేసినచో ఎవ్వరు అడుగుదురని, అదే క్షేమమార్గమని భావించుచున్నారు. పన్ను పేరిట వసూలు చేసిన ప్రతి రూపాయియు, అది చెల్లవలసినదైనను కాకున్నను, ప్రభుత్వమునకు జమ చేయవలెనని చట్టము. కొన్నవానిని నిష్కారణముగా బాధించి, ప్రక్క దుకాణమునకు పంపివేసి, తనకు చిల్లిగవ్వ లాభము లేని ఈ క్షేమమెట్టిది? తక్కువ వేసిన చోట మరియొక దుఃఖము: రెండేండ్ల తరువాత నోటీసు వచ్చినప్పుడు, బల్బు కొని వెడలిపోయిన గృహస్థును వెదకి పట్టుకొని మిగిలిన పన్ను అడుగజాలము, వడ్డీతో సహా ఆ భారము వర్తకుని మూలధనము నుండియే పోవును.

నిజమైన సందేహమున్నచో ముందుగనే నిర్ణయము కోరుటకు అడ్వాన్సు రూలింగు అను ఏర్పాటు కలదు. కేంద్రపు పద్దున ఐదువేలు, రాష్ట్రపు పద్దున ఐదువేలు రుసుము. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోనిది కాదు. ఒక్క హోల్డరు పేరు తేల్చుకొనుటకు చిన్న దుకాణదారుడు పదివేలు కట్టునా? కట్టినను, ఆ నిర్ణయము అడిగినవానికే వర్తించును గాని ప్రక్కవానికి పనికిరాదు.

కావున తెలుగు రాష్ట్రములు రెండింటి వాణిజ్య పన్నుల శాఖలకు నాదొక విన్నపము. బ్రస్సెల్సు వాక్యములను ఢిల్లీలో అచ్చువేసి పంపినచో మన వర్తకుని పని తీరదు. ఎలక్ట్రికల్ దుకాణములలో నిత్యము అమ్ముడుపోవు వస్తువులను, అంగడిలో పిలుచు పేర్లతోనే, వాటి సంకేతముతోను రేటుతోను, లెక్క చూపవలసిన కొలతతోను చేర్చి, తెలుగులో ఒక చిన్న పుస్తకముగా అచ్చువేయించి ఇండు. రేటు మారినప్పుడెల్ల ఆ పుటను మార్చి పంపుడు. వర్తక సంఘములవారు దుకాణముల నుండి ఆ పేర్లను సేకరించి శాఖకు అందజేయుటకు ముందుకు రావలెనని కోరుచున్నాను.